చిట్టా బాబాయి

మామూలు మనుషులు పైపు కాలుస్తారు. మా బాబాయి పైపు రాస్తాడు. కాల్చడం లేకపోలేదు గానీ, రాసుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కనక కాలుస్తాడు. అరగంట కాల్చి ముప్పావుగంట రాస్తాడు. ఏ పైపు, ఏ పొగాకు, ఎన్ని గ్రాములు, మధ్యలో ఎన్నిసార్లు ఆరిపోయింది, ఎన్ని అగ్గిపుల్లలయ్యాయి, చివర్లో గిన్నె అడుగున తడి మిగిలిందా లేదా, అన్నీ ఎక్కాల్సిందే. ఆవేళ బయట వాన పడుతుంటే అదీ ఎక్కుతుంది. "రుచి" అన్న గడి మాత్రం చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అదేమిటి బాబాయ్ అంటే, "రాస్తూ ఉన్నా కదరా, చూసుకోలేదు" అంటాడు.

ఇలాంటివాళ్లు ఊరికొకరు ఉంటారు. బండికి పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకునేవాళ్లు, ఫొటోల వెనక తేదీ వేసేవాళ్లు, స్టీలు గిన్నెలన్నిటి మీదా పేర్లు కొట్టించేవాళ్లు, వీళ్లందరిదీ ఒకటే గోత్రం. మా ఇంట్లో ఆ గోత్రానికి మూలపురుషుడు తాతయ్య. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో వర్జీనియా పొగాకు పండించినవాడు. వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు ఎక్కించిన పొద్దు నుంచి దించేదాకా ఎన్ని బండ్ల కట్టెలు కాలాయి, ఏ రాత్రి వేడి ఎంత ఉంది, ఏ బేలు వేలంలో ఎంతకి పోయింది, అంతా ఎర్ర అట్టల పుస్తకాల్లో ఉండేది. రోజువారీ చిట్టా వేరు, ఖాతాలవారీ ఆవర్జా వేరు. తాను మాత్రం ఆ వర్జీనియా ముట్టేవాడు కాదు, లంక పొగాకు చుట్ట తప్ప నోటికి సయించేది కాదు. ఆయన లెక్కలు రాసిందంటే అప్పులిచ్చినవాళ్లు ఊరుకోరు కనక. మా బాబాయి అమెరికాలో, సెయింట్ లూయిస్ శివార్లలో, ఎవరికీ దమ్మిడీ బాకీ లేకుండా అదే రాత రాస్తున్నాడు. ఆయన పేరు ఇప్పుడు చుట్టాల్లో ఎవరికీ గుర్తులేదు. చిట్టా బాబాయి అంటేనే తెలుస్తుంది.

దీనికంతటికీ మూలం ఒక మొక్కజొన్న కంకి. సెయింట్ లూయిస్ నుంచి కార్లో గంట దూరం పడమటికి వెళితే మిస్సోరీ నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1869 నుంచి కంకి బెండుతో పైపులు చేస్తున్నారు. రెండో ప్రపంచయుద్ధం ఫొటోల్లో జనరల్ మెకార్థర్ నోట్లో వేలాడే పొడుగాటి పైపు ఆ కంకి జాతిదే. ఆఫీసులో తోటివాడెవడో ఒక ఆదివారం తీసుకువెళితే, సరదాకి ఒకటి కొన్నాడు. అప్పట్లో అయిదారు డాలర్ల వస్తువు. కొన్నవాడు ఊరుకోకుండా రసీదు వెనక తేదీ వేసి, పైపు పొడుగు కొలిచి రాశాడు. ఆ రసీదే మొదటి పేజీ.

కంకి తరవాత బ్రయర్ వచ్చింది. మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద, దాని వేరుకీ కాండానికీ మధ్య ఉండే బుడిపెని తవ్వి తీసి, ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కుతారు. ఫ్రాన్సులో సెయింట్ క్లాడ్ అనే ఊరు ఈ పని మీదే బతికింది. ఆ తరవాత మీర్‌షామ్ వచ్చింది. టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర దొరికే తెల్లటి తేలికపాటి రాయి, కాల్చేకొద్దీ తేనెరంగుకి తిరుగుతుంది. దాని ఖాతాలో బాబాయి "రంగు" అని ఒక గడి గీసి, పెయింటు కొట్టువాళ్లు ఇచ్చే రంగుల చీటీ ఒకటి పక్కన అంటించాడు. ఏడాదికోసారి పైపుని చీటీ పక్కన పెట్టి సరిచూస్తాడు. ఇంకా తెల్లటి గడి దాటలేదు. ఏడాదికోసారి కాలిస్తే దాటదు మరి.

ఆయనకి అన్నిటికన్నా ప్రీతి, తమ లెక్క తామే ఒంటి మీద రాసుకుని వచ్చే పైపులంటే. లండన్ డన్‌హిల్ వాళ్ల పైపుకి, పైకి ఉండాల్సిన వైపు ఏదో తెలియడానికి మూతి మీద తెల్ల చుక్క ఉంటుంది, అది అందరికీ తెలుసు. బాబాయికి కావలసింది చుక్క కాదు. కింద ముద్రించిన అక్షరాల చివర చీమ తలంత అంకె ఒకటి ఉంటుంది, దాన్నిబట్టి పైపు ఏ సంవత్సరానిదో తేల్చొచ్చు. డబ్లిన్ పీటర్సన్ పైపుల వెండి కట్టు మీద కూడా ఏడాదిని పట్టిచ్చే అక్షరం ఉంటుంది. భూతద్దం పెట్టుకుని ఆ అక్షరం దొరికినప్పుడు ఆయన మొహం చూడాలి. సముద్రాల అవతల, తను పుట్టకముందు, తనలాంటివాడే ఒకడు కార్ఖానాలో కూర్చుని శ్రద్ధగా ముద్ర కొట్టాడు కదా అని తృప్తి.

షెర్లాక్ హోమ్స్ మీద మాత్రం ఆయనకి సగం గౌరవమే. నూటనలభై రకాల పొగాకు బూడిదల మీద పుస్తకం రాశానని హోమ్స్ ఒకచోట చెప్పుకుంటాడు, అంతవరకు బాగుంది. అదే మనిషి పొగాకుని పర్షియన్ చెప్పు మొనలో దాచుకుంటాడని చదివిన రోజు బాబాయి పుస్తకం మూసేశాడు. "చెప్పులోనా? తేమ నిలుస్తుందా? ఎంత పెట్టాడో, ఎంత తీశాడో లెక్కేది?"

పైపు కాల్చినవాళ్లకి ఒక నియమం తెలిసే ఉంటుంది. ఇవాళ కాల్చిన పైపుకి కనీసం ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి, లోపలి చెమ్మ ఆరాలి. ఇంకోటి, లటాకియా కాల్చిన పైపులో మర్నాడు వర్జీనియా వేస్తే వర్జీనియా కూడా లటాకియాలాగే కంపు కొడుతుంది. లటాకియా అంటే సైప్రస్ నుంచి వచ్చే, కట్టెల పొగలో మాగబెట్టిన నల్లాకు. అందుకని ఏ పైపుకి ఏ పొగాకు అనేది ముందే నిర్ణయమైపోవాలి. బాబాయి దానికి నిలువు గడులూ అడ్డ గడులూ గీసి పెద్ద పట్టిక వేశాడు. పొద్దున్నే దాన్ని ముందేసుకుంటే, ఫలానా పైపుకి విశ్రాంతి చాల్లేదు, ఫలానాది వర్జీనియాకి కేటాయించింది గానీ ఇవాళ వర్జీనియా వంతు కాదు, ఫలానాది ఖాళీగా ఉంది కానీ దాని పొగాకు సీసా ఇంకా తెరవలేదు. పది దాటేసరికి ఆ రోజుకి కాల్చదగిన పైపు ఇంట్లో ఒక్కటీ లేదని తేలుతుంది. అదీ నమోదు చేసి లేస్తాడు.

పొగాకు నిలవ ఉండేది బేస్‌మెంటులో, మూత బిగించే గాజు సీసాల్లో. వర్జీనియా ఆకు ఏళ్లు గడిచేకొద్దీ తియ్యనవుతుంది కనక కొన్నది కొన్నట్టు సీసాలకెత్తి తేదీ వేసి దాస్తారు. ఇబ్బందల్లా పిన్ని గోంగూర పచ్చడికి వాడేవీ అవే సీసాలు. లటాకియా పెట్టిన సీసాని ఎన్ని నీళ్లలో కడిగినా దాని వాసన వదలదు. ఒక సంక్రాంతికి మా అందరికీ కట్టెల పొయ్యి మీద చేసినట్టున్న గోంగూర వడ్డించింది పిన్ని. వచ్చినవాళ్లు అచ్చం ఊళ్లో రుచి అని రెండోసారి వేయించుకున్నారు. బాబాయి ఒక్కడే మొహం మాడ్చుకుని మారుమాట్లాడకుండా కిందకి వెళ్లి, సీసా నంబరు కొట్టేసి వచ్చాడు.

ఇంకోసారి ఒంగోలు నుంచి పిన్నివాళ్లమ్మ వచ్చింది. పైపు గిన్నె లోపల కాలగా కాలగా బొగ్గు పొర కడుతుంది. అది చెక్కని కాపాడుతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఆవిడకి అది మసిలా కనిపించింది. అల్లుడికి ఉపకారం చేద్దామని స్టీలుపీచు పెట్టి అన్నీ తళతళా తోమేసింది. ఆ ఏటి పుస్తకంలో "అగ్నిప్రమాదాలు, వరదలు, ఇతరములు" అన్న పేజీ తిప్పితే ఒకే పద్దు ఉంది: "అత్తగారు."

ఇక ధరల సంగతి. ఏ పైపు, ఏ పొగాకు డబ్బా ఎంతకి కొన్నాడో పిన్నికి తెలియకూడదు, పుస్తకంలో ఎక్కకుండానూ ఉండకూడదు. ఈ రెండిటికీ మధ్య నలిగి, చివరికి కటపయాది పట్టుకున్నాడు. ప్రతి హల్లుకీ ఒక అంకె, వెనకనుంచి చదువుకోవాలి. మేళకర్త రాగాలకి పేర్లు పెట్టిన పద్ధతి: మేచకల్యాణిలో "మ" అయిదు, "చ" ఆరు, తిరగేస్తే అరవై అయిదో మేళం. అలాగే యాభై రెండు డాలర్ల పైపు "రమ" అయింది. తొంభై ఏడుది "సుధ". ఇది ముదిరి, పేరు కుదరని ధరకి పైపు కొనడం మానేశాడు. ఒకాయన డెబ్భై ఒకటి అంటే, లెక్కేసి చూసుకుంటే "కంస" వచ్చింది. కంసుణ్ణి ఇంటికి తెచ్చుకోలేనని మూడు డాలర్లు బేరమాడి "హిత"గా మార్చి తెచ్చాడు. అమ్మినాయన ఇప్పటికీ ఆ బేరం ఎందుకో తెలియక తలగోక్కుంటూ ఉండాలి.

ఆ పుస్తకం ఒకనాడు పిన్ని కంట పడింది. "రమ: చిన్నది, తేలిక, తొందరగా వేడెక్కదు." "సుధ: ఆరునెలలకోసారి చాలు." "లలిత: ఇంగ్లండు మనిషి నుంచి, రహస్యంగా." రెండు రోజులు పిన్ని ఏమీ అనలేదు. మూడో రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ, "లలిత ఎవరండీ?" అంది.

బాబాయి వణికిపోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన మరిచిపోయిందేమిటంటే, పిన్ని చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. గరిట పట్టుకునే వేళ్లు మడిచి లెక్కేసింది: ల మూడు, ల మూడు, త ఆరు. "ఆరువందల ముప్ఫైమూడు డాలర్లా!" అని కుర్చీలో కూలబడింది. కాస్త తేరుకున్నాక, "మనిషైనా బాగుండేది" అంది.

2018లో ఆయనకి రెండు కష్టాలొచ్చాయి. ఆయనుండే రాష్ట్రంలోనే, కాన్సాస్ సిటీలోని మెక్‌లెలాండ్ పొగాకు కంపెనీ మూతపడింది. దాంతో వాళ్ల పాత డబ్బాల ధరలు ఆకాశానికెక్కాయి. అంతకుముందు అప్పుడొకటీ ఇప్పుడొకటీ తెరిచి కాల్చే మనిషి, ఇక వాటి జోలికి పోవడం మానేశాడు. తెరిస్తే నిల్వ తగ్గుతుంది, నిల్వ తగ్గితే ఆస్తి తగ్గుతుంది. రెండోది, డన్‌హిల్ పేరుతో వచ్చే పొగాకులు ఆగిపోయి, మరుసటేడు పీటర్సన్ పేరుతో మళ్లీ వచ్చాయి. నైట్‌క్యాప్ అనే పొగాకు డన్‌హిల్ ఖాతాలో ఉండాలా, కొత్త ఖాతా తెరవాలా? పాత నిల్వని కొత్తదానికి బదిలీ చేయాలా? వారం రోజులు నిద్ర లేదు. "పెళ్లయితే ఆడపిల్లకి ఇంటిపేరు మారినట్టే కదండీ, దానికింత బాధేమిటి" అని పిన్ని తేల్చేసింది. ఆ మాటని తేదీతో సహా పాదసూచికగా వేసుకున్నాడు.

మొన్నామధ్య డాక్టరు దగ్గరికి వెళితే, పొగ తాగుతారా అని అడిగింది ఆవిడ. తాగుతానని చెప్పి వదిలేసే మనిషా? ఫోన్లో ఆ ఏటి పట్టిక తీసి చూపించాడు. ఆవిడ చూసి చూసి, లోపలికి పీల్చకపోయినా నోటికీ గొంతుకీ క్యాన్సర్ ముప్పు తప్పదు, పూర్తిగా మానేస్తే మంచిది అని చెప్పింది. బాబాయి బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి "వైద్య సలహా" అని కొత్త గడి గీశాడు. నిజం చెప్పాలంటే చాలావరకు తగ్గించాడు కూడా. కానీ కాల్చడం తగ్గేసరికి రాయడానికి పద్దుల్లేక చేతులు ఆడక, నెలనెలా నిల్వ తనిఖీ మొదలుపెట్టాడు.

డిసెంబరు ఆఖరి తనిఖీకి నన్ను పిలిచాడు. ఆయన నంబరు చదవాలి, నేను డబ్బా ఎత్తి చూపించి "ఉంది" అనాలి. నూటపదో ఎన్నో నంబరు డబ్బా చేతిలోకి తీసుకుంటే లోపల గలగలమంది. పొగాకు చప్పుడు చెయ్యకూడదు. తిప్పి చూస్తే అడుగు అంచున సన్నటి తుప్పు గీత. బాబాయి చదవడం ఆపి నా చేతిలోంచి లాక్కున్నాడు, మూత తీశాడు. ఆకు కరకరలాడుతోంది, వేలితో నొక్కితే పొడైపోయింది. ఏళ్ల తరబడి మాగుతుందని దాచిన సరుకు. పాపం ఏడుస్తాడేమో అనుకుని ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

ఆయన తక్కెడ తెచ్చాడు. "నలభైమూడు! యాభైకి ఏడు గ్రాములు ఆవిరైపోయిందిరా" అన్నాడు. గొంతులో దుఃఖం కాదు, అదేదో హుషారు. ఆవర్జా తీసి, ఆఖర్న "నష్టము" అని శీర్షిక పెట్టి ఇన్నేళ్లూ ఖాళీగా ఉంచిన పేజీ తెరిచాడు. ఎర్రసిరా పెన్ను మూత తీశాడు. తుప్పు గీత పొడుగు స్కేలుతో కొలిచాడు.

"ఏమిటా సందడి?" అని పైనుంచి పిన్ని కేకేసింది.

"భాగ్య పోయిందోయ్!" అన్నాడు బాబాయి రాస్తూనే.

ఒక్క క్షణం నిశ్శబ్దం. మెట్ల మీద వేళ్లు మడుస్తోందని నాకు తెలుసు. "పద్నాలుగే కదా," అంది పిన్ని. "వచ్చి అన్నం తినండి, చారు చల్లారిపోతోంది."

"నువ్వు పద, వస్తున్నా" అని నాతో అని, బాబాయి పక్క డబ్బా అందుకుని చెవి దగ్గర పెట్టుకుని ఆశగా ఊపాడు.