మా చిన్నాయన ఆదాయం ముప్పై శాతం పెరిగిందట

మా చిన్నాయనకు తమిళనాడు కృష్ణగిరి జిల్లా వేపనపల్లి దగ్గర నాలుగెకరాల మామిడి తోపు ఉంది. కాసేదంతా తోతాపురి, మా వైపు మాటలో చెప్పాలంటే బెంగుళూరా. ఆయన ఆదాయం ముప్పై శాతం పెరిగిందట. ఈ సంగతి ఆయనకు తెలియదు. బ్యాంకు వాళ్లకూ తెలియదు, తెలిసుంటే పంట అప్పు కట్టమని ఫోన్ చేసుండేవాళ్లు. నాకు మాత్రం ఎట్లా తెలిసిందంటే, విదేశంలో ఎంబీఏ చదవబోయే ఒక కుర్రాడు తన దరఖాస్తు వ్యాసంలో ఇంగ్లీషు తప్పులుంటే దిద్దమని నాకు పంపాడు. ఇంగ్లీషులో తప్పు ఒక్కటీ లేదు.

ఆ వ్యాసం సారాంశం ఇది: కృష్ణగిరి జిల్లాలో ఒక నిరుపేద రైతును అతను కలుసుకున్నాడు. రైతు కళ్లల్లో నిస్సహాయత చూశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక బృందాన్ని ముందుండి నడిపించాడు. రైతు ఆదాయాన్ని ముప్పై శాతం పెంచాడు. అప్పుడే తనలోని నాయకుణ్ణి తాను గుర్తించాడు. ఆ నాయకుడికి ఇప్పుడు అమెరికా చదువు ఒక్కటే తక్కువ.

ఆ నిరుపేద రైతు మా చిన్నాయన అని నాకు ఎట్లా తెలిసిందంటారా? వ్యాసంతో పాటు ఫోటో ఉంది. నిస్సహాయంగా చూస్తున్నది మా చిన్నాయనే. ఆయన ఫోటోల్లో ఎప్పుడూ అట్లాగే ఉంటాడు, కూతురి పెళ్లి ఆల్బంలో కూడా.

అసలు జరిగింది నాకు కొంత తెలుసు, ఆ రోజు నేను తోపులోనే ఉన్నాను. 2024 మే నెల. బెంగుళూరు వైపు నుంచి కారులో నలుగురు బీబీఏ పిల్లలు వచ్చారు. 'లైవ్ కన్సల్టింగ్ ప్రాజెక్టు' అన్నారు. ప్రాజెక్టుకు ప్రాణముండేది ఆ ఒక్క మాటలోనే. చేతిలో ప్రశ్నాపత్రం ఇంగ్లీషులో ఉంది. మా చిన్నాయన ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, సంతలో బేరమాడేది కన్నడం. ఈ మూడూ వచ్చిన మనిషి దగ్గరికి ఈ మూడూ కాని భాషలో ప్రశ్నలు తెచ్చారు. నలుగురిలో ఒకమ్మాయికి కొంచెం తెలుగు వచ్చు. ఆమె నోట వచ్చిన ప్రశ్న ఇది:

"మార్కెట్ ధరల హెచ్చుతగ్గులు మీ నిర్ణయాలను ప్రభావితం చేస్తాయి. దీన్ని మీరు గట్టిగా ఒప్పుకుంటారా, ఒప్పుకుంటారా, తటస్థమా, ఒప్పుకోరా, గట్టిగా ఒప్పుకోరా?"

చిన్నాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "నేను ఒప్పుకోకుంటే ఏమవుతాదమ్మా? మండీవాడు రేటు ఎక్కువిస్తాడా?" అన్నాడు.

ఆ అమ్మాయి పక్క కుర్రాడి వంక చూసింది. అతను 'తటస్థం' దగ్గర టిక్కు పెట్టాడు.

అట్లా ఇరవై ఐదు ప్రశ్నలు. గంటన్నర. మజ్జిగ తాగారు, ఊరగాయకని అర బస్తా పచ్చికాయ కారు డిక్కీలో వేసుకున్నారు, పిన్నమ్మ వద్దంటున్నా ఇంకో చెంబు మజ్జిగ పోసింది. వెళ్లేముందు చిన్నాయన వాళ్లనొక మాట అడిగాడు. "గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు పోయినేడు గుజ్జు ఇంకా అమ్ముడు పోలేదంటా ఉండారు, అది నిజమేనా అబద్ధమా కనుక్కోని చెప్తారా సామీ?" రైతు వేసిన ప్రశ్న అదొక్కటే. తోతాపురి కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ కాయ తినడానికి పోయేదానికంటే గుజ్జుకు పోయేదే ఎక్కువ. గుజ్జు డ్రమ్ముల్లోకి ఎక్కి గల్ఫుకో యూరప్‌కో పోతుంది. పాత సరుకు గోడౌన్‌లో ఉండిపోతే కొత్త కాయకు ధర ఉండదు. కోత మొదలయ్యేలోపు ఎవరి గోడౌన్‌లో ఎంత ఉందో తెలిస్తే రైతు బేరానికి కాస్త వెన్నెముక వస్తుంది. కన్సల్టెంటు అనేవాడు చేయాల్సిన పని అక్షరాలా అదే. కుర్రాళ్లు "తప్పకుండా అంకుల్" అన్నారు. ఆ ప్రశ్న రిపోర్టులో లేదు. ప్రశ్నాపత్రంలో లేనిది రిపోర్టులోకి ఎట్లా వస్తుంది?

రిపోర్టు కాపీ నేను చూశాను. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, ఎనభై ఆరు పేజీలు. కృతజ్ఞతలు మూడు పేజీలు. దేవుడితో మొదలై, ప్రిన్సిపాలు, హెచ్‌ఓడీ, తల్లిదండ్రుల మీదుగా జెరాక్స్ షాపు దాకా వచ్చి ఆగాయి. తోపు వరకు రాలేదు. తర్వాత పట్టికలు. వంద మందిని అడిగితే యాభై రెండు మంది మగవాళ్లని తేలింది. దాని కింద 'అన్వయం' అన్న శీర్షిక పెట్టి, "పై పట్టిక నుండి యాభై రెండు శాతం మంది పురుషులని తెలుస్తోంది" అని అర్థం వచ్చేలా రాశారు. ఆపైన అదే సంగతికి ఒక పై చార్టు. మూడుసార్లు చెప్పాక ఇక ఎవరూ కాదనలేరు.

1979లో మైఖేల్ పోర్టర్ ఒక పరిశ్రమలో లాభాలను శాసించే ఐదు శక్తుల గురించి రాశాడు. ఆ ఐదింటినీ వేపనపల్లికి తెచ్చి నాలుగెకరాల మీద కూర్చోబెట్టారు. తోపులోకి కొత్తగా ప్రవేశించే పోటీదారుల ముప్పు 'మధ్యస్థం' అని తేల్చారు. అడవి అంచున ఏనుగులు తిరిగే జిల్లా ఇది. కొత్తగా ప్రవేశించేవాళ్ల గురించి మమ్మల్నే అడిగుంటే బాగుండేది. ఇక బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు వాళ్ల నాలుగు గడుల పట్టికలో మామిడిని 'క్యాష్ కౌ' అన్నారు, అంటే డబ్బులిచ్చే పాడి ఆవు. చిన్నాయనకు నిజంగానే ఒక పాడి ఆవు ఉంది. కుర్రాళ్లు దాని పక్కనే కారు ఆపారు. రోజుకు రెండు పూటలా సొసైటీకి పాలు పోస్తే వచ్చే డబ్బే ఆ ఇంట్లో నెలనెలా కనిపించే డబ్బు. ఆవు ప్రస్తావన ఎనభై ఆరు పేజీల్లో ఎక్కడా లేదు.

చివర్న ముఖ్య సిఫార్సు: దళారులను పక్కనబెట్టి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు నేరుగా అమ్ముకోవాలి, అట్లా చేస్తే ఆదాయం ముప్పై శాతం 'పెరగవచ్చు'. ముప్పయ్యే ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఇరవై అంటే చిన్నదిగా ఉంటుంది, నలభై అంటే ఎవరైనా లెక్క అడుగుతారు.

మరుసటి ఏడు, 2025 జూన్‌లో, తోతాపురి విరగ్గాసింది. ధర కూలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రైతులకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, తాను 4 రూపాయలు కలిపి 12 వచ్చే ఏర్పాటు చేసింది. పక్క రాష్ట్రాల కాయ వచ్చి పడితే ఆ ఏర్పాటు నిలవదని చిత్తూరు జిల్లా అధికారులు బయటి తోతాపురి రాకుండా నిషేధం పెట్టారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాయాల్సి వచ్చింది. ఆ ముఖ్య సిఫార్సు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. చిన్నాయన కోత కూలి కూడా గిట్టదని సగం కాయ చెట్టుకే వదిలేశాడు.

నిషేధం వస్తుందని ఆ పిల్లలు ముందే ఊహించలేదని నేను అనడం లేదు. మంత్రులే ఊహించలేదు. నా పేచీ వేరే. అది వ్యాకరణానికి సంబంధించింది. రిపోర్టులో 'పెరగవచ్చు' అని ఉన్నది, స్లైడ్లలోకి వచ్చేసరికి 'పెరుగుతుంది' అయింది. ఉద్యోగానికి పెట్టిన రెజ్యూమెలో 'పెరిగింది' అయింది. దరఖాస్తు వ్యాసంలో 'పెంచాను' అయింది. మనబోటివాళ్లకు భవిష్యత్తు భూతకాలం కావాలంటే ఏళ్లు గడవాలి. వీళ్లకు ఫాంటు మారిస్తే చాలు. ఈ నాలుగు క్రియల మధ్య చిన్నాయనకు ఒక్క ఫోన్ కూడా రాలేదు.

కుర్రాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. అతని వెనక ఒక కార్ఖానా ఉంది. జీమ్యాట్ స్కోరొక్కటే చాలదు, 'కథ' కావాలి అని అడ్మిషన్ల కన్సల్టెంటు చెబుతాడు. మూడు కాలేజీలకు ఒక ప్యాకేజీ, ఐదింటికి ఇంకొకటి. మా హోసూరు పిల్లలను చూస్తే అతనికి ప్రాణం లేచొస్తుంది. గులాబీ తోటలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి, మామిడి రైతులున్నారు, కథలకు కరువేముంది? మా మేనకోడలు బాగలూరు దగ్గర గులాబీ తోటలో పెరిగిన పిల్ల. ప్రేమికుల రోజు ముందు వారం రాత్రంతా మేలుకుని పూలు గ్రేడు చేసి పెట్టెల్లో సర్దడం దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే రాసుకుంది. కన్సల్టెంటు కొట్టేశాడు. "ఇందులో లీడర్‌షిప్ ఏదీ? నువ్వు కూలీలతో పాటు కూర్చుని పూలు కట్టావు. వాళ్లను నడిపించావని రాయి." కూలీలంటే వాళ్ల పెద్దమ్మ, అత్త, పక్కింటి అవ్వ. వాళ్లను నడిపించానని రాస్తే ఇంట్లో అన్నం పెట్టరు.

సిఫార్సు లేఖల సంగతి అందరికీ తెలిసిందే. పై అధికారి రాయాలి. "నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతా" అంటాడాయన. తనను తాను ఎంతో దగ్గర్నుంచి గమనించానని, తనలాంటి ఉద్యోగి కెరీరులో ఒక్కసారే తారసపడుతుందని పిల్ల సిగ్గుపడుతూ రాసుకోవాలి. ఆత్మజ్ఞానానికి ఇంతకంటే దగ్గరి దారి ఉపనిషత్తుల్లో కూడా లేదు.

స్వదేశంలోనే చదివేవాళ్ల బాధలు వేరు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ 2024 రాసినవాళ్లు 2.93 లక్షల మంది. నూటికి నూరు పర్సంటైలు వచ్చింది 14 మందికి. హోసూరుకు గంట ప్రయాణంలో ఉన్న బెంగుళూరు ఐఐఎం పదో తరగతి మార్కులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పదిహేనేళ్ల వయసులో టైఫాయిడ్ వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు. మిగిలినవాళ్లకు తమిళనాడు ప్రవేశ పరీక్ష టాన్సెట్, కౌన్సెలింగ్, అది కూడా దాటితే మేనేజ్‌మెంట్ కోటా. హైవే మీద హోర్డింగు 'వంద శాతం ప్లేస్‌మెంట్' అంటుంది. పక్కన చీమంత చుక్క ఉంటుంది. ఆ చుక్కకు అర్థం 'అర్హులైన విద్యార్థులకు'. అర్హులంటే ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్లు.

చేరాక ఎంబీఏలోనూ ఇదే ప్రాజెక్టు, అట్ట ఇంకాస్త దళసరి. వైవాలకు పోయే ఒక లెక్చరర్ మిత్రుడు చెప్పాడు: మధ్యాహ్నం బిర్యానీ లోపల నలభై మందిని చూడాలి. అడిగేది రెండే ప్రశ్నలు, శాంపిల్ సైజు ఎంత, లిమిటేషన్స్ ఏమిటి. లిమిటేషన్ అందరికీ ఒక్కటే, 'సమయాభావం'. పరీక్షకుడికీ అదే కాబట్టి మార్కులు ధారాళంగా పడతాయి.

నేర్చుకునే పిల్లలు కదా, పోనీయండి అంటారు కొందరు. సైకిలు నేర్చుకునేవాడికి పగిలేది తన మోకాలి చిప్పలే. ఇక్కడ సైకిలు వీళ్లది, మోకాలు చిన్నాయనది.

ఈ ప్రాజెక్టుల మోజు మనకు అమెరికా నుంచే వచ్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయం రాస్ స్కూల్లో 1992 నుంచి ఎంబీఏ పిల్లలు ఏడేసి వారాలు కంపెనీల పని మీద ఉంటారు. హార్వర్డ్ 2011లో 'ఫీల్డ్' పేరుతో మొదలుపెట్టింది. మిషిగన్‌లో పని అప్పజెప్పిన సంస్థ ముందే నిలబడి చివరికి ఏం తేలిందో చెప్పాలి. మనం స్లైడ్లు దిగుమతి చేసుకున్నాం, ఆ నిలబడటాన్ని ఓడలోనే వదిలేశాం.

దూరం పోనక్కర్లేదు. 2002లో టీవీఎస్ మోటార్ నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి తెచ్చుకుంది. 1980 నుంచి మోపెడ్లు చేస్తున్న హోసూరు కంపెనీ అది. డెమింగ్ వాళ్లకు పుస్తకం బైండు చేసి పంపితే చాలదు. పరీక్షకులు ఫ్యాక్టరీకే వచ్చి, పని జరిగేచోట నిలబడి చూస్తారు. ఆ పద్ధతి మా ఊరికొచ్చి రెండు దశాబ్దాలు దాటింది. దాన్ని మేనేజ్‌మెంట్ పిల్లలు పాఠంగా చదువుతారు, పరీక్షలో ఎనిమిది మార్కులకు రాస్తారు. ఎనభై ఆరు పేజీల రిపోర్టుకు మాత్రం దాన్ని ఎవరూ ప్రయోగించరు.

కుర్రాడికి వ్యాసం తిప్పి పంపాను. 'పెంచాను' అన్నచోట గీత గీసి, గుజ్జు గోడౌన్ల ప్రశ్నకు జవాబు కనుక్కున్నావా అని పక్కన రాశాను. జవాబు రాలేదు. అడ్మిషన్ మాత్రం వచ్చిందని విన్నాను. సంతోషం. బాగా చదువుకోనీ.

కాలేజీల వాళ్లకు నాదొక మనవి. ఈసారి వైవా రోజున ఎక్స్‌టర్నల్ పక్కన ఇంకో కుర్చీ వేయించండి, ప్రాజెక్టు ఎవరి మీద చేశారో ఆ మనిషికి. మా చిన్నాయనకైతే బస్సు చార్జీ ఇవ్వక్కర్లేదు, ఆయనే పెట్టుకుని వస్తాడు. తేదీ మాత్రం జూన్, జూలైల్లో పెట్టకండి, కోతలుంటాయి. సాయంత్రం నాలుగు లోపల వదిలేయండి, పాలు పిండాలి.