గమ్మునుండు భూతమా! (టీకా తాత్పర్య విశేష సహితం)

పొగలు కక్కునట్టి భూతమా కాసేపు
కడుపు చల్లబడగ గమ్మునుండు
పెండ్లి మంత్రమొకటి వినపడనీయవే
చెవుల తుప్పు వదలె చేతు మొక్కు

అవతారిక: ధర్మవరంలో మాఘమాసపు పెళ్లి, తెల్లవారుజాము ముహూర్తం. సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర కరెంటు పోయింది. మండపం వెనక సందులో ఉన్న జనరేటర్, హిందూపురం నుంచి అద్దెకు తెచ్చింది, రెండుసార్లు దగ్గి అందుకుంది. లైట్లు వెలిగాయి. పురోహితుడి పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నాదస్వరం వాళ్లు మాత్రం పోటీకి దిగారు. అప్పుడు వెనక వరుసలో కూచున్న కవి ఆశువుగా చెప్పిన ఆటవెలది ఇది. కవీ వ్యాఖ్యాతా ఒకరే కావడం చేత కవిహృదయం గురించి ఇక్కడ తగాదా లేదు.

అమెరికావాళ్లు ఇంటికి చక్రాలు కట్టి, అందులో జనరేటర్ పెట్టుకుని, దాని మోతకు నిద్రపట్టక అవస్థ పడతారట. మనం ఇంటిని కదల్చకుండా జనరేటర్‌కే చక్రాలు కట్టాం. (చక్రాల ఇల్లు హిందూపురానికి తెలియనిదేం కాదు. 1982లో షెవర్లే వ్యానును చైతన్యరథం చేసుకుని ఊళ్లు తిరిగిన ఎన్టీఆర్‌ను ఆ ఊరు 1985, 1989, 1994 ఎన్నికల్లో అసెంబ్లీకి పంపింది.)

ప్రతిపదార్థం:

పొగలు కక్కునట్టి = డీజిల్ తాగి నల్లపొగ వదిలే;

భూతమా = ఓ జనరేటరూ! (కొందరు ‘ఓ ఆపరేటరూ’ అని అర్థం చెబుతారు. పొసగదు. ఆపరేటర్ ట్రాలీ పక్కన దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. నిద్రపోయేవాణ్ణి గమ్మునుండమనడం పునరుక్తి దోషం.)

కాసేపు = మూడు ముళ్లు పడేదాకా. భోజనాల వేళకు ఈ ప్రార్థన వర్తించదు, అప్పుడు ఫ్యాన్లు తిరగాలి;

కడుపు చల్లబడగ = దీనికి వివరం కింద చూడండి;

గమ్మునుండు = ఆగిపొమ్మని కాదు, పనిచేస్తూనే నోరు మూసుకొమ్మని;

చెవుల తుప్పు వదలె = తేటతెల్లం. సైలెన్సర్ తుప్పు మాత్రం వదల్లేదు.

తాత్పర్యం: ఓ జనరేటరూ, వెలుగు ఇవ్వు, చప్పుడు వద్దు. పెళ్లికొడుకు ఏం ప్రమాణం చేస్తున్నాడో పెళ్లికూతురికి వినపడాలి గదా!

విశేషాలు: ‘కడుపు’ అన్నచోట శ్లేష ఉంది. జనరేటర్‌కు రెండు కడుపులు. ఒకటి డీజిల్ ట్యాంకు, రెండోది సైలెన్సర్. కవి చెప్పింది రెండోదాని గురించి. ఒకే సిలిండర్ ఉన్న నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే 750 సార్లు పొగ వదులుతుంది. ఒక్కొక్క విడతా ఒక చిన్న పేలుడు. సన్నటి గొట్టంలోంచి వచ్చిన ఆ పొగ సైలెన్సర్ కడుపులో ఒక్కసారిగా వెడల్పయి కొంత చల్లబడుతుంది. వెడల్పు మారిన చోట శబ్దతరంగం కొంత వెనక్కే మళ్లి, తనతో తానే కొట్లాడి నీరసిస్తుంది. అందుకే లోపల అరలూ అడ్డుపలకలూ. కోట గుమ్మాన్ని మలుపులో కట్టినట్టు, శత్రువు తిన్నగా దూసుకురాకుండా. కీచుదనాన్ని మింగడానికి గ్లాస్‌వూల్ చాలు. డబడబమనే బొంగురుదనానికి మాత్రం గదులే కావాలి, గదులకు చోటు కావాలి. చిన్న సైలెన్సర్‌తో పెద్ద గొంతు నొక్కాలని చూస్తే పొగ బయటికి పోలేక ఇంజను ఎగపోస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

అయితే మన భూతం కేసు ఇంత శాస్త్రం దాకా పోలేదు. టార్చి వేసి చూస్తే గొట్టం సైలెన్సర్‌లోకి దిగే అంచు దగ్గర మసి చార ఒకటి కనపడింది. గాస్కెట్ పోయి పొగ సైలెన్సర్‌కు రాకముందే పక్కనుంచి తప్పించుకుంటోంది. సైలెన్సర్ ఉండీ లేనట్టే. మార్చాల్సింది ఆ గాస్కెట్టు. ఆ వేళ మెకానిక్కుని లేపడం కంటే కొత్త పద్యం చెప్పడం తేలిక.

పూర్వపక్షం: గొట్టాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచితే పోలా? చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ గొట్టం ఎంత లోతు మునిగితే పొగ అంత నీటిని తోసుకుని రావాలి. ఇంజను ఆగినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కే ప్రమాదం కూడా ఉంది. పోనీ, జనరేటర్‌ను గదిలో పెట్టి తలుపు మూస్తే? అది పెళ్లిని దినంగా మార్చే ఉపాయం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు.

సిద్ధాంతం: ధర్మశాస్త్రం ఇక్కడ స్పష్టం. 2005 జనవరి 1 నుంచి తయారైన, 1,000 కేవీఏ దాకా ఉన్న డీజిల్ జనరేటర్ మోత దాని పెట్టెకు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చుట్టుపక్కల మోత 45కే పరిమితం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి గనక, 75 నుంచి 45కు రావాలంటే 32 మీటర్లు దూరం జరపాలి. ధర్మవరం సందులో 32 మీటర్లు ఎక్కడివి? ఇటు గోడ, అటు గోడ, రెండూ మోతను ఒకదానికొకటి విసురుకుంటాయి. పొగగొట్టం ఎత్తుకు కూడా సూత్రం ఉంది. కేవీఏ వర్గమూలాన్ని 0.2తో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు, మండపం కప్పు కంటే పైకి. 25 కేవీఏకు ఒక మీటరు. అద్దె బండి గొట్టం పెళ్లివారి మోకాలి ఎత్తులో ఉంటుంది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘కాసేపు’ బదులు ‘మావైపు’ అని ఉంది. గణం చెడదు, యతి చెడదు, అర్థం మాత్రం తిరగబడుతుంది. ఆడపెళ్లివారి తరఫు మేనమామ లేచి వెళ్లి, ఆపరేటర్‌ను తట్టి, “అన్నా, ఆ గొట్టం రవ్వంత అటు తిప్పన్నా” అన్నది ఈ పాఠాన్ని బట్టే. క్లాంపు వదులు చేశారు, గొట్టం వంపు (ఎల్బో) తిరిగింది, మండపంలో మంత్రం వినపడింది. సందు అవతలి ఇంట్లో కిటికీ రెక్క దభీమని మూసుకుంది. పొద్దున బండి పెనుకొండ పెళ్లికి బయల్దేరినప్పుడు ఎల్బోను ఎవరూ తిప్పలేదు. అక్కడ గొట్టం ఎవరి వైపు చూస్తుందో, వాళ్ల మేనమామ లేస్తాడు.