మీ దగ్గుది ఏ క్లాసు?

క్షయ క్రిమికి చదువు రాదనుకోవడం మన అజ్ఞానం. అది పాస్‌పోర్టు తిరగేస్తుంది, వీసా ఏ రకమో చూస్తుంది, దాన్నిబట్టి నడుచుకుంటుంది. కూతురి పురిటికని బీ-2 వీసా మీద న్యూజెర్సీ వెళ్లే తల్లి ఊపిరితిత్తుల్లో మర్యాదగా ముడుచుకుని పడుకుంటుంది. ఆవిడ ఆరు నెలలపాటు పసిబిడ్డను ఒళ్లో వేసుకుని ఉగ్గు పట్టినా, గుడిలో నాలుగొందల మందికి పులిహోర పంచినా ఎవరికీ అంటదు. అదే తల్లి ఇమిగ్రెంట్ వీసాకు అర్జీ పెట్టిందా, ఒళ్లు విరుచుకుని లేస్తుంది.

అమెరికా చట్టం ఈ రహస్యం ఎరిగినది. కాబట్టే చుట్టపుచూపుగా వచ్చేవారికి వైద్యపరీక్ష పెట్టదు, హెచ్-1బీ మీద వచ్చేవారికీ పెట్టదు. 2023-24లో అక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులు 3.3 లక్షల పైమాటే. వీసా ఇచ్చేముందు వాళ్ల ఛాతీకి ఎక్స్‌రే అడగడం రివాజు కాదు. స్థిరపడడానికి వస్తామన్నవాళ్లకే చొక్కా విప్పే యోగం.

ఈ విజ్ఞానం నిన్నమొన్నటిది కాదు. అసహ్యమైన, ప్రమాదకరమైన అంటురోగం ఉన్నవాళ్లను గడప దాటనివ్వమని 1891లోనే చట్టం రాసుకున్నారు. మరుసటేడు న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలండ్ తెరిచారు. ఓడ రాగానే మొదటి, రెండో తరగతి ప్రయాణికులను డాక్టర్లు ఓడ మీదే పైపైన చూసి సాగనంపేవారు. అడుగు అంతస్తులో కిక్కిరిసి వచ్చినవాళ్లను మాత్రం దీవికి తోలేవారు. అక్కడ మెట్లెక్కుతుంటే ఆయాసం కనిపెట్టేవారు, బూట్ల బొత్తాలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్పలు తిరగేసేవారు, అనుమానం తగిలితే కోటు మీద సుద్దముక్కతో గీసేవారు. గుండెకైతే హెచ్, కళ్లకైతే ఈ, బుర్రకైతే ఎక్స్. పడమటి తీరాన ఏంజెల్ ఐలండ్‌లో మనవాళ్ల వంతు వచ్చింది. 1910 ప్రాంతంలో అక్కడ దిగిన హిందూస్థానీ కూలీల మలం పరీక్షించి, కొంకిపురుగులున్నాయని చాలామందిని వచ్చినదారినే పంపించారు. ఫస్టుక్లాసు టికెట్టు కొంటే ఆ పురుగులు ఏమయ్యేవో వైద్యశాస్త్రం చెప్పాలి.

సుద్దముక్క ఇప్పుడు లేదు. దాని స్థానంలో డీఎస్-2054 అనే ఫారం ఉంది, టీకాలకు డీఎస్-3025 ఉంది, క్షయకు ఒక ఫారం, ఒంటికి మరో ఫారం ఉన్నాయి. పరీక్ష చేసేది కాన్సులేటు గుర్తించిన డాక్టరే అయివుండాలి. ముప్పై ఏళ్లుగా మన నాడి పట్టుకున్న ఊళ్లో డాక్టరుగారు, పాపం, పనికిరారు. ఆయనకు మన రోగాలు తెలుసు గానీ వాళ్ల ఫారాలు తెలియవు.

ఈ క్లినిక్కుల వరండాలో అందరికన్నా ఓపికమంతులు ఎఫ్-4 వాళ్లు. అంటే అమెరికా పౌరుడైన అన్నో, అక్కో అర్జీ పెడితే వెళ్లే తోడబుట్టినవాళ్లు. 2025 చివర్లో ఆ వరసలో పిలుపు అందుకున్న భారతీయుల అర్జీలు 2006 నాటివి. అప్పటికి మన రాష్ట్రం ఒక్కటే. స్మార్ట్‌ఫోను అంటే ఏమిటో మనకు తెలియదు. అర్జీలో భార్యాబిడ్డలని రాసిన బిడ్డలకు ఈలోగా 21 నిండి, జాబితాలోంచి జారి, పెళ్లిళ్లయి, సొంత బిడ్డలను బడికి పంపుతున్నారు. అర్జీ పెట్టినప్పుడు కబడ్డీ ఆడిన మనిషిని, మోకాళ్లు అరిగాక పిలిచి, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. ఏం చెబుతాడు? మీరు అడగాల్సినప్పుడు బాగానే ఉందండీ అనాలి. ఇంతకీ ఈ పరీక్ష మామూలుగా చెల్లేది ఆరు నెలలు. ఇరవై ఏళ్లు కూర్చోబెట్టిన దొరతనానికి మన ఆరోగ్యం ఆరు నెలలకే పాచిపోతుంది.

టీకాల గదిలోకి వెళదాం. ఇమిగ్రెంట్లకు టీకాలు తప్పనిసరి చేసింది 1996 చట్టం. పెద్దాయన కుర్చీలో కూర్చుంటాడు, పక్కన ఇల్లాలు.

“టీకాల కార్డు తెచ్చారాండీ?”

“మా అమ్మ దాచలేదమ్మా.”

“ఆటలమ్మ వచ్చిందా?”

“వచ్చింది. వేపమండలతో విసిరారు. మూడో స్నానం చేయించి, చలిమిడి నైవేద్యం పెట్టారు.”

దీన్ని డాక్టరు నమ్మవచ్చు, నమ్మితే ఒక సూది తప్పినట్టే. తట్టు దగ్గర నోటిమాట చెల్లదు. తట్టుకూ గవదబిళ్లలకూ కాగితం చూపించాలి, లేదా రక్తంలో చూపించాలి. అయితే 1957కు ముందు పుట్టినవాళ్లకు ఈ సూది మినహాయించారు, వాళ్లకు చిన్నతనంలోనే వచ్చిపోయి ఉంటుందని. సబబైన ఏర్పాటే. కానీ ఆ ఏర్పాటు చేసినవాళ్లకు మన బడి రిజిస్టరు గురించి ఎవరూ చెప్పలేదు. 1953లో గోదావరికి పెద్ద వరద వచ్చిన నాటికి తాను ఉయ్యాల్లో ఉన్నానని పెద్దాయనకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. హెడ్‌మాస్టరుగారు మాత్రం ముందుచూపున్న మనిషి. కుర్రాడికి ఉద్యోగంలో నాలుగేళ్లు కలిసొస్తాయని 1957 జూలై 1 వేశారు. పదో తరగతి సర్టిఫికెట్టులో అదే, పాస్‌పోర్టులో అదే. కాబట్టి ఎప్పుడో తట్టు వచ్చి తగ్గిన ఒంటికి, రాని తట్టు నివారణకు సూది పడింది. అడ్డం చెబితే పుట్టినరోజు అబద్ధమని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే వీసాకే ఎసరు. పెద్దాయన కిక్కురుమనకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

తర్వాత గౌను. వెనక తాళ్లుండి, ఆ తాళ్లు ఎక్కడ ముడిపడాలో ఎవరికీ తెలియని ఆ వస్త్రంలో, యాభై ఏళ్లుగా చీరకొంగు నిండుగా కప్పుకున్న ఇల్లాలిని నిలబెడతారు. పెద్దాయనకు ప్రశ్నలు. మత్తుమందులు వాడారా? మందు తాగుతారా? ఎంత? ఇల్లాలు పక్కనే ఉందని చూసి, పెళ్లిళ్లలో ఎప్పుడైనా అంటాడు. ఇల్లాలు గోడ మీది అమెరికా జెండాకేసి చూస్తుంది.

ఇక ఎక్స్‌రే. నిజం చెప్పాలంటే ఈ ఒక్కచోట తప్పు పట్టను. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు, వెదకడం న్యాయం. కానీ ఎవరిలో వెదుకుతున్నారు? పాతికేళ్ల వయసులో సర్కారు ఆస్పత్రి మందులు మింగి నయం చేసుకున్న మనిషి ఛాతీలో పాత మచ్చ అలాగే ఉంటుంది. అది కంటబడితే వరసగా మూడు రోజులు తెల్లారగట్ల తెమడ ఇవ్వాలి, దాన్ని పెంచి చూడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ముంబైలో ఇంటర్వ్యూ దాటిపోతుంది, ఇల్లు అద్దెకు పుచ్చుకున్నవాడు సామాన్లతో గుమ్మంలో నిలబడతాడు. అదే వారంలో, నిజంగానే దగ్గుతున్న వియ్యంకుడుగారు టూరిస్టు వీసా మీద నయాగరా చూడడానికి విమానమెక్కుతాడు.

అమెరికాను ఒక్కదాన్నే అంటే పాపం. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల కుర్రాళ్లను అడగండి, గల్ఫ్ మెడికల్ గురించి చెబుతారు. దాని పేరు నిన్నటిదాకా గామ్కా, ఇప్పుడు వాఫిద్. నయమైపోయిన మచ్చ కనిపించినా ‘అన్‌ఫిట్’ ముద్ర పడుతుంది, ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం ఫిట్‌గానే ఉంటుంది. దుబాయిలో బంగారం కొనడానికి వెళ్లే సేటుకు ఎక్స్‌రే లేదు.

రోగాల జాబితాను ఎవరు రాస్తారు, ఎప్పుడు చెరుపుతారు అన్నదీ ఒక వేడుకే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను రానివ్వకూడదని అమెరికాలో 1987లో చేర్చారు, 2010 జనవరి 4న తీసేశారు. 2008లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా కొంత వయసు ఆడపిల్లలకు తప్పనిసరి అన్నారు. ఇమిగ్రెంట్ ఆడపిల్లలకు లెండి. అక్కడే పుట్టిన పిల్లలకు వాషింగ్టన్ అలాంటి షరతు పెట్టలేదు. నిరుడు ప్రమాదమైనది ఈ ఏడు కాకుండా పోయినట్టు, 2009 చివర్లో ఆ నిబంధననూ ఎత్తేశారు.

క్రిముల సంగతి ఇంతటితో సరి. అసలు పరీక్ష ఇంకొకటుంది, అది క్రిములకంటే పాతది. ప్రభుత్వానికి భారమయ్యేవాళ్లను రానివ్వకూడదన్న నిబంధన 1882 నాటిది, అంటురోగాల చట్టంకంటే తొమ్మిదేళ్లు పెద్దది. క్షయ క్రిమిని కనిపెట్టానని రాబర్ట్ కోఖ్ బెర్లిన్‌లో ప్రకటించింది కూడా ఆ ఏడే. ఆయన సూక్ష్మదర్శినిలో క్రిమిని చూస్తుంటే, వీళ్లు వచ్చేవాడి జేబు చూస్తున్నారు. ఆ చూపు ఇప్పుడు మళ్లీ పదునెక్కింది. 2025 నవంబరులో అమెరికా విదేశాంగ శాఖ కాన్సులేట్లకు ఆదేశం పంపింది: షుగరు, గుండెజబ్బు, క్యాన్సరు, స్థూలకాయం లాంటివి ఉన్నవాళ్లు వైద్యం ఖర్చుతో ఖజానాకు బరువవుతారేమో తూచి చూడండని.

షుగరు తుమ్మితే అంటదు, గుండెపోటు పక్క సీటుకు పాకదు. అయినా ఈ రోగాలను బయటినుంచి తెచ్చుకోవాల్సిన అగత్యం లేని దేశం అది. అక్కడ సుమారు 3.8 కోట్ల మందికి షుగరు ఉంది, పెద్దవాళ్లలో పదిమందికి నలుగురు స్థూలకాయులు. మన దగ్గర 10.1 కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఆ లెక్కన ఎఫ్-4 వరండాలో కూర్చున్నవాళ్లలో పంచదార లేని కాఫీ అడగని వాళ్లెందరో మీరే ఊహించుకోండి. ఇరవై ఏళ్లు క్యూలో కూర్చోబెట్టి, కూర్చున్నందుకు వచ్చిన రోగాన్ని చూపించి వెనక్కి పంపడంలో ఒక పొదుపుంది, మెచ్చుకోవాలి.

ఇవాళ తమ్ముడి పేరున ఐ-130 అర్జీ దాఖలు చేస్తున్న అన్నగార్లకు ఒక మనవి. అర్జీ ఫీజు కట్టిన చేత్తోనే తమ్ముడికి ఒక గ్లూకోమీటరు కూడా పంపండి. బ్యాటరీలు మాత్రం ఏటా మార్చుకుంటూ ఉండమనండి.