అయ్యో, ఆ పిల్ల బొమ్మా! (టీకా తాత్పర్య సహితము)

మూలం: “అయ్యో, ఆ పిల్ల బొమ్మా! ఏడుపొచ్చేసింది. సిరీస్ మొత్తంలో ఇదే బెస్ట్.”

అవతారిక: ఈ మూలానికి కర్త ఫలానా అని చెప్పే వీల్లేదు. ఎవరూ రాయలేదు, అందరూ అన్నారు. 2025 మార్చి 7న జపాన్‌లో ‘నోబితాస్ ఆర్ట్ వరల్డ్ టేల్స్’ అనే డోరేమాన్ సినిమా విడుదలైంది. దాన్ని చూసి బయటికొచ్చిన అభిమానులు ఏ భాషలో అన్నా, ఎన్ని విశేషణాలు తగిలించినా, వడగడితే మిగిలేది ఈ మూడు వాక్యాలే. కథ పెద్దదేం కాదు. వేసవి సెలవుల హోంవర్కు కోసం నోబితా అనే పిల్లాడు తన నేస్తమైన నీలం పిల్లి డోరేమాన్ బొమ్మ గీస్తూ తంటాలు పడుతుంటాడు. అంతలో ఓ పాత వర్ణచిత్రం ముక్క అతని చేతికి చిక్కుతుంది. వెలుగు ప్రసరిస్తే బొమ్మలోకి దూరిపోగల లైటు ఒకటి డోరేమాన్ జేబులో ఉండనే ఉంది. అలా దూరిన చోట క్లెయిర్ అనే చిన్నపిల్ల కనిపిస్తుంది. నేస్తాలు షిజుకా, జియాన్, సునియోలతో సహా అందరూ కలిసి ఆర్టోరియా అనే మధ్యయుగపు యూరప్ రాజ్యానికి చేరతారు. ఆ పిల్ల కొన్నేళ్ల కిందట కనబడకుండా పోయిన అక్కడి రాకుమారి అని ఊరంతా సంబరపడుతుంది. తీరా చూస్తే ఆమె రాకుమారి కాదు, ఆమె స్నేహితుడు మైలో గీసిన రాకుమారి బొమ్మ. కథంతా ముందే చెప్పేశారని అలిగేవారికి ఒక మనవి: కథ దాచిపెట్టి టీక రాసిన వ్యాఖ్యాత ఇంతవరకు పుట్టలేదు. సినిమా చూడాలనుకునేవారు చూసొచ్చి చదువుకోవచ్చు, టీక ఎక్కడికీ పోదు.

ప్రతిపదార్థం: అయ్యో = ఆశ్చర్యమూ దుఃఖమూ ఒక్కసారే కలిగినప్పుడు నోట వెలువడు అవ్యయము; ఆ పిల్ల = క్లెయిర్ అను పేరు గల బాలిక; బొమ్మా = రంగులతో ఏర్పడినదియేనా, రక్తమాంసములు లేనిదియేనా; ఏడుపు = కన్నీరు, కొండొకచో ముక్కు చీదుటయును; వచ్చేసింది = తెచ్చుకొనబడలేదు, తానై వచ్చినది; సిరీస్ మొత్తంలో = 1980లో వచ్చిన మొదటి చిత్రము లగాయతు ఈ 44వ చిత్రము వరకు; ఇదే = మరియొకటి కాదు; బెస్ట్ = మేటి. అన్వయము సుగమము. సిరీస్ 45 ఏళ్ల పండుగ చేసుకుంటూ 44వ చిత్రమేమిటని లెక్కలవారు అడుగుతారు. 1980 నుంచి 2025 దాకా వేళ్ల మీద లెక్కపెడితే 46 రావాలి. గొంతులన్నీ మార్చిన 2005లో సినిమా రాలేదు, కరోనా దెబ్బకు 2021లోనూ రాలేదు. లెక్క సరిపోయింది కాబట్టి విషయంలోకి వెళ్దాం.

పూర్వపక్షం ఒకటి వాకిట్లోనే అడ్డు నిలుస్తుంది: పిల్లల సినిమా చూసిన ఉత్సాహంలో అన్న మాటకు టీక ఎందుకు, మెదక్ సీమ కొల్చారంలో పుట్టిన వ్యాఖ్యాత మల్లినాథుడు రఘువంశానికి రాశాడంటే అర్థముంది గానీ? దీనికి జవాబు చిన్నదే. మల్లినాథుడు ఎవరి కోసం రాశాడు? కావ్యం చదవడం అప్పుడే మొదలుపెట్టిన విద్యార్థుల కోసం. మూలం గొప్పదా కాదా అన్నది వ్యాఖ్యాత మొదటి ప్రశ్న కాదు. మూలంలో విడదీయవలసిన ముడి ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఈ మూలంలో ఉంది, అదీ మొదటి వాక్యంలోనే.

“ఆ పిల్ల బొమ్మా!” అని నోరు తెరిచిన అభిమాని అప్పటిదాకా తెర మీద చూస్తున్నదేమిటి? బొమ్మలే కదా. నోబితా బొమ్మ, షిజుకా బొమ్మ, జియాన్ బొమ్మ, సునియో బొమ్మ, చెవుల్లేని ఆ నీలం పిల్లి బొమ్మ. సినిమా మొత్తానికి ఒక్క మనిషీ కనబడడు. టికెట్టు కొన్నప్పుడే ఆ సంగతి తెలుసు, పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్లాడికీ తెలుసు. అంతసేపూ బొమ్మల్ని చూస్తూ కూర్చుని, వాటిలో ఒకటి బొమ్మ అని తెలియగానే గుండె పట్టుకోవడం ఏ తర్కానికి నిలుస్తుంది? నీళ్లలో ఈదుతూ ఈదుతూ ఒళ్లు తడిసిందని అరిచినట్టుంది. అయినా ఈ మాట అన్నది ఒకరిద్దరు అమాయకులు కాదు. సినిమా చూసినవాళ్లు ముందుగా చెప్పుకునే మలుపే ఇది. ఇంతమంది ఒకే పొరపాటు చేశారంటే అది పొరపాటు అయి ఉండదని అనుమానించడం వ్యాఖ్యాత ధర్మం.

ఇక్కడ రెండు పొరలున్నాయి. మనం దేని ద్వారా చూస్తున్నామో అది ఒక బొమ్మ. కథలోని మనుషులు బొమ్మగా చూసేది మరో బొమ్మ. మొదటి బొమ్మను అభిమాని పది నిమిషాల్లో మరిచిపోయాడు. మరవకపోతే సినిమా చూడటమే కుదరదు. నోబితా కిందపడితే గీత కిందపడింది అనుకోడు, పిల్లాడు పడ్డాడు అనుకుంటాడు. రెండో బొమ్మ బయటపడ్డప్పుడు అతను నిర్ఘాంతపోయాడంటే, తాను మొదటిదాన్ని పూర్తిగా మరిచిపోయానని తానే ఒప్పుకున్నట్టు. కాబట్టి “ఆ పిల్ల బొమ్మా!” అన్నది క్లెయిర్ గురించి చెప్పిన మాటలా వినిపించినా, అసలు విషయం మిగతావాళ్లది. క్లెయిర్ ఒక్కతే బొమ్మ అని ఆశ్చర్యపోవడమంటే మిగిలిన అందరూ మనుషులేనని, ఆ పిల్లి కూడా పిల్లేనని ఒట్టేసి చెప్పడం. ఎవరూ అడగకుండా ఇచ్చిన వాంగ్మూలం కనక దాని విలువ ఎక్కువ.

నమ్మనివారికి సినిమాలోనే ఇంకో సాక్ష్యం ఉంది. హోంవర్కుగా నోబితా గీసిన డోరేమాన్ చివర్లో ప్రాణం పోసుకుని ఆపదలో ఆదుకుంటుంది. ఆ బొమ్మ వంకర. అసలు డోరేమాన్ తల వృత్తం గీసినట్టు గుండ్రం, మూతికి అటు మూడు ఇటు మూడు మీసాలు, ఎర్ర ముక్కు, మెడలో ఎర్ర పట్టీకి పసుపు గంట, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. నోబితా చేతిలో వీటిలో ఏదీ కుదురుగా నిలబడలేదు. అది తెర మీదికి రాగానే పిల్లలు పకపకా నవ్వుతారు, సరిగ్గా రాలేదని వెక్కిరిస్తారు. సరిగ్గా రాలేదంటే దేనితో పోల్చి? పక్కనున్న ఇంకో బొమ్మతోనే. రెండూ ఒకే స్టూడియోలో తయారైనవే. పైగా మొదటిదానికన్నా రెండోదానికే చెయ్యి తిరిగిన చిత్రకారులు ఎక్కువ కష్టపడి ఉంటారు, చెయ్యి తిరగనట్టు గీయడం అంత తేలిక కాదు. అయినా ప్రేక్షకుడి కళ్లకు ఒకటి డోరేమాన్, రెండోది డోరేమాన్ బొమ్మ. ఆ నవ్వు, మొదటి వాక్యంలోని ఆ అయ్యో, రెండూ ఒకే నమ్మకంలోంచి పుట్టాయి.

ఈ నమ్మకానికి పేరేమిటని మనవాళ్లు పన్నెండు వందల ఏళ్ల కిందటే తగవులాడారు. కాశ్మీరంలో శంకుకుడనే ఆలంకారికుడు చిత్రతురగ న్యాయం చెప్పాడు. ఆయన గ్రంథం దొరకలేదు, తరవాతి ఆలంకారికుడు అభినవగుప్తుడు ఖండించడానికి ఎత్తి చెప్పినంతవరకే మిగిలింది. బొమ్మలోని గుర్రాన్ని చూసినప్పుడు కలిగే జ్ఞానం ‘ఇది నిజంగా గుర్రమే’ అన్నది కాదు. గుర్రమని భ్రమపడటమూ కాదు. గుర్రమా కాదా అన్న సందేహమూ కాదు. గుర్రంలా ఉందన్న పోలికా కాదు. ఈ నాలుగింటికీ చెందని వేరే తెలివిడి. రంగస్థలం మీద నటుణ్ని రాముడిగా చూసేది దానితోనే అన్నాడు. డోరేమాన్ అభిమానికి ఇది అతికినట్టు సరిపోతుంది. నటుడైనా వేషం తీస్తే మనిషే, నోబితాకు తీయడానికి వేషం కూడా లేదు. అయితే శంకుకుడు ఒక చోట తప్పించుకున్నాడు. ఆయన గుర్రం బొమ్మలో నిలబడి ఊరుకుంది. తాను బొమ్మనని దానికి తెలియలేదు, పక్క గుర్రానికీ తెలియలేదు, చూసేవాడి చెవిలో ‘ఇది బొమ్మరా’ అని ఎవరూ అరవలేదు. ఈ సినిమా ఆ అరుపు అరుస్తుంది. అరిచినా తెలివిడి చెదరలేదు. క్లెయిర్ బొమ్మ అని తెలిశాక అభిమాని ఆమె మీద మమకారం తగ్గించుకోలేదు, ఇంకాస్త ఎక్కువ ఏడ్చాడు. మూలంలో వాక్యాల వరస చూడండి: బొమ్మ అన్నది ముందు, ఏడుపు తరవాత. శంకుకుడి సిద్ధాంతానికి ఆయన కోరని పరీక్ష ఒకటి పెట్టి అభిమానులు నెగ్గించారు. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు వింటే మళ్లీ ఖండిస్తాడేమో, అది వేరే సంగతి.

ఆక్షేపం: ఇది కథకుడు వేసిన ఎత్తు మాత్రమే, చివరికి ‘అంతా కల’ అని తేల్చే కథలకూ దీనికీ తేడా ఏముంది? తేడా ఉంది, అది అభిమానుల ప్రవర్తనలోనే కనిపిస్తుంది. కల అని తేల్చిన కథను జనం తిడతారు, ఎందుకంటే జరిగినవన్నీ జరగలేదంటుంది, చూసినంతసేపు వృథా చేస్తుంది. క్లెయిర్ విషయంలో ఏదీ రద్దు కాలేదు. చేసిన స్నేహం చేసినట్టే ఉంది, నడిచిన దారి నడిచినట్టే ఉంది. ఆ స్నేహం చేసినది బొమ్మ అని మాత్రమే కొత్తగా తెలిసింది. ఇలా మోసగించి మెప్పించడం దర్శకురాలు యుకియో తెరామోతోకు కొత్త విద్య కాదు. 2007, 2011, 2013 డోరేమాన్ సినిమాలు ఆమె చేతి మీదుగా వచ్చినవే.

రెండో వాక్యం. భరతుడి నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది, వాటిలో అశ్రువు ఒకటి. మనవాళ్లు ‘గూస్‌బంప్స్’ అనేది భరతుడు రోమాంచమన్నదే, ‘గొంతు పూడుకుపోయింది’ అనేది స్వరభేదమే, శాస్త్రం అంతా జనం నోట్లోనే ఉంది. ఇక్కడ గట్టి ఆక్షేపం వేరే ఉంది. జపాన్‌లో ఈ సినిమాలకు పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులూ ఏడుస్తారని ప్రతీతి. వాళ్లు ఏడ్చేది క్లెయిర్ కోసం కాదు, పోయిన తమ చిన్నతనం కోసం అంటారు ఆక్షేపించేవారు. ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. అక్కడ ఒక తరం 1979 నుంచి 2005 దాకా ఓయామా నొబుయో గొంతులో డోరేమాన్‌ను విని పెరిగింది. ఆమె 2024లో పోయారు. మన దగ్గరా 2005లో హంగామా టీవీ హిందీలో చూపించడం మొదలుపెట్టింది కనుక, అప్పుడు సాయంత్రం హోంవర్కు ఎగ్గొట్టి చూసిన తెలుగు పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఓయామా గొంతు వినకుండానే వీళ్లూ అదే పిల్లికి అంతగానూ కట్టుబడ్డారు. జ్ఞాపకాల బరువు కన్నీటిలో కలిసిందనడంలో సందేహం లేదు. కానీ నోబితా మీదైతే జ్ఞాపకాలున్నాయి, క్లెయిర్ మీద ఏమున్నాయి? ఈ సినిమాకు ముందు ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు. రెండు గంటలు కూడా నిండని పరిచయం. పాత జ్ఞాపకం ఏదీ లేని కొత్త పిల్ల కోసం ఏడ్చారంటే చిన్నతనం మీద బెంగ ఒక్కటే కారణమనడం కుదరదు. పాట వచ్చి ఏడిపించింది అనే వాదన ఇంతకన్నా బలహీనం. ఈ సినిమాకు ఐమ్యోన్ పాడిన పాట బాగుంది, కానీ ప్రతి ఏటా ఏదో ఒక మంచి పాట ఉంటూనే ఉంది.

మూడో వాక్యం అందరూ ఎగతాళి చేసేది. ‘ఇదే బెస్ట్’ అని పోయినేడూ అన్నారు, అంతకు ముందేడూ అన్నారు, వచ్చే ఏడూ అంటారు. 1980 నాటి డైనోసార్ సినిమాను మించింది లేదనే పెద్దలు ఒకవైపు పళ్లు కొరుకుతుంటారు. 44 సినిమాల్లో పదో పన్నెండో ‘ఇదే’లు ఉండటం ఎలా పొసగుతుంది? వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులకు ఈ చిక్కు బాగా అలవాటు. వేదంలో ఒకచోట ఒక దేవత అందరికన్నా గొప్ప, మరోచోట మరో దేవత అందరికన్నా గొప్ప. వాళ్లు కొట్టుకోలేదు, అర్థవాదం అని పేరు పెట్టారు. పొగడ్త వాక్యానికి మాటల్లో ఉన్నంత మాత్రమే అర్థం కాదు, అది దగ్గర్లో ఉన్న విధికి తోడు నిలుస్తుంది, ఒక పనికి పురికొల్పుతుంది. ‘ఇదే బెస్ట్’ పక్కన పలకకుండా ఉండిపోయిన విధి ఏమిటో విన్నవాళ్లకు తెలుసు: నువ్వూ వెళ్లి చూడు. దాన్ని తీర్పుగా తీసుకుని పాత సినిమాలతో తూకం వేసేవాళ్లు వాక్యాన్ని తప్పుచోట కోస్తున్నారు. మొదటి వాక్యం వెలుగులో చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ‘ఇదే’ అని దగ్గరగా చూపించి చెప్పాడంటే అతను ఇంకా బొమ్మలోంచి పూర్తిగా బయటికి రాలేదు. తూకం వేయాలంటే బయట నిలబడాలి. లోపల ఉన్నవాడికి కనబడేది ఒక్కటే, కాబట్టి అదే మేటి.

తాత్పర్యం: అభిమాని మాటలు సినిమాకు వేసిన మార్కులు కావు, అతను బొమ్మలోకి వెళ్లొచ్చాడనడానికి సాక్ష్యం. విమర్శకుడి తూకం కావాలంటే వేరే చోట అడగాలి. ఇక పాఠకులకు ఒక్క మనవి. మూలంలోని మూడు వాక్యాల్లో చివరి రెండూ ఎవరికి కావాలంటే వారికి చెప్పండి, ఎంత గట్టిగానైనా చెప్పండి. మొదటిది మాత్రం సినిమా ఇంకా చూడని పిల్లల ముందు అనకండి.