క్యూ లేని వింత

పోయిన ఆదివారం పొద్దున మా వీధి చివరి టీ అంగడిలో ప్రపంచ వింతలకు ఎన్నికలు జరిగాయి. గొడవ మొదలుపెట్టింది టాక్సీ తోలే తమ్ముడు. ముందురోజు ఆగ్రా నుంచి వచ్చిన కుటుంబాన్ని తిరుమల కొండకు తీసుకుపోయాడట. అలిపిరి నుంచి పైకి చేరేదాకా వాళ్ళు తాజ్‌మహల్ గొప్పలే చెప్పారట. ఇతగాడికి కడుపు మండిపోయింది.

"వాళ్ళది వింతయితే మనదేందన్నా? తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవంట. మన సామి ఏ పొద్దన్నా సెలవు పెట్టినాడా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. రిటైరయిన లెక్చరర్ సారు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, అసలు తాజ్‌మహల్‌కు ఆ హోదా ఎట్లా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టారు. బెర్నార్డ్ వెబర్ అనే స్విట్జర్లాండ్ వాసి ఒక సంస్థ పెట్టి, ఇంటర్నెట్‌లో, ఫోన్లలో ఓట్లు వేయించి, 2007 జులై 7న లిస్బన్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో కొత్త ఏడు వింతలను ప్రకటించాడు. పది కోట్ల ఓట్లు పడ్డాయన్నారు. యునెస్కో ముందే చేతులు దులుపుకుంది, మాకేం సంబంధం లేదని. ఆ ఏడాది మన దేశంలోనూ ఎస్సెమ్మెస్‌లు వానలా కురిశాయి. ఒకే మనిషి ఎన్నిసార్లు ఓటేసినా అడిగే నాథుడు లేడు. అప్పటికి 70 లక్షల జనాభా కూడా లేని జోర్డాన్ నుంచి పెట్రా కోసం కోటీ నలభై లక్షల ఓట్లు పడ్డాయని చెప్పుకున్నారు.

అంగడాయన పాలు తిరగబోస్తూ ఆగిపోయాడు. "చచ్చినోళ్ళవి గూడా వేసినారా సార్?"

ఈజిప్టు వాళ్ళకు మాత్రం ఒళ్ళు మండింది. పాత ఏడు వింతల్లో మిగిలింది ఒక్క గిజా పిరమిడ్. దాన్ని పోయి పోయి ఓట్ల కోసం నిలబెడతారా అని గొడవ చేశారు. చేసేది లేక నిర్వాహకులు దాన్ని పోటీలోంచి తప్పించి గౌరవ హోదా ఇచ్చారు. ఇది చెప్పగానే బెంచీ మీద ఉన్న అందరికీ ఒకేసారి అర్థమైపోయింది: పిరమిడ్‌కు వీఐపీ బ్రేక్ ఇచ్చారన్నమాట.

అప్పుడు అంగడాయన మన ఊరి కొలత బయటికి తీశాడు. "ఇవన్నీ వద్దు సార్. క్యూ ఎంత ఉంటాది, అది చెప్పండి."

బయటి ఊళ్ళవాళ్ళకు ఇది తమాషాగా ఉండొచ్చు. తిరుపతిలో పుట్టినవాడికి ఇంతకన్నా నమ్మకమైన తూకం లేదు. వాన ఎంత పడిందో పేపర్లో రాని రోజులుంటాయి గానీ, కొండ మీద ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో రాని రోజు ఉండదు. ఇడ్లీ అంగడి ముందు నలుగురుంటే మనం ఐదోవాళ్ళం అవుతాం, ఎవరూ లేకుంటే పక్క అంగడికి పోతాం. డాక్టరైనా అంతే, ట్యూషన్ మాస్టరైనా అంతే.

ఆ తూకంలో గుడిమల్లం మొదటి రౌండ్‌లోనే ఎగిరిపోయింది. ఏర్పేడు దగ్గరి ఆ గుళ్ళో అయిదడుగుల రాతి లింగం, దాని ముందుభాగాన చేత పొట్టేలు పట్టుకుని మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డ శివుడు. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దమో ఒకటో శతాబ్దమో అని ఎక్కువమంది పండితుల మాట. తాజ్‌మహల్‌కు పునాది తవ్వేనాటికే ఈయన నిలబడి 1,600 ఏళ్ళు దాటింది. నేను పోయిన రోజున గర్భగుడిలో పూజారి, నేను, ఒక బల్లి. మాలో తొందరపడింది బల్లి ఒక్కటే. చంద్రగిరి రాజమహల్‌ను మూడంతస్తులు లేపారు, కొయ్య ముక్క వాడకుండా, రాయి, ఇటుక, సున్నంతో. దానికీ డిపాజిట్ దక్కలేదు. శ్రీకాళహస్తి గాలిగోపురం సంగతి ఎవరో ఎత్తారు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించినది, 494 ఏళ్ళు నిలబడింది. నిలబడినన్నాళ్ళూ మనం దాని కింద చెప్పులు వెతుక్కున్నాం. బీటలు వారాక గానీ తలెత్తి చూడలేదు, 2010 మే 26 రాత్రి కూలింది. ఇప్పుడున్నది కొత్తది.

గెలిచినవీ ఉన్నాయి. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు మొదటి రౌండ్‌లోనే నెగ్గింది. కుంటుతూ అయినా క్యూలో నిలబడే జనం ఇంకెక్కడున్నారు? శ్రీహరికోట 2022లో జిల్లాల విభజనతో మన జిల్లాలోకి వచ్చింది కాబట్టి రాకెట్‌కూ చోటిచ్చాం. పైగా ఎగరడానికి ముందు శాస్త్రవేత్తలు దాని నమూనాను స్వామి పాదాల దగ్గరికి తెస్తారు. చంద్రుడి దాకా పోయే రాకెట్టయినా మా ఊరి క్యూ దాటి పోవాల్సిందే కదా అని అంగడాయన ముచ్చటపడ్డాడు.

కొండ మీది సహజ శిలాతోరణం దగ్గరికి వచ్చేసరికి సారుకు కోపం వచ్చింది. ఇలాంటివి ప్రపంచంలో మూడే ఉన్నాయని గైడ్ల నోటా పుస్తకాల్లోనూ దశాబ్దాలుగా వింటున్నాం. రెండోది అమెరికాలోని యూటాలో ఉందంటారు. ఆ యూటాలోనే ఆర్చెస్ అనే ఒక్క నేషనల్ పార్కులో 2,000కు పైగా తోరణాలు ఉన్నాయి. అవి ఇసుకరాయి, మనది క్వార్ట్‌జైట్, గట్టి సరుకు, ఆ తేడా చెప్పుకోవచ్చు. కానీ తేడా చెబితే ఎవరు వింటారు? మూడే అంటే మాత్రం సెల్ఫీకి క్యూ కడతారు.

"దానికంటే పెద్ద వింత మీరు రోజూ వాంతి కవర్లు పట్టుకుని దాటిపోతా ఉండారు" అన్నారు సారు, నా వైపే చూస్తూ.

అందుకే మరుసటి రోజు కొండ దిగుతూ ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర స్కూటర్ ఆపాను. సారు చెప్పిన గుర్తులు పట్టి చూస్తే గోడలాంటి రాయిలో అతుకు కనబడింది. కింద గరుకు గ్రానైట్, పైన పలకలు పలకలుగా క్వార్ట్‌జైట్. ఈ రెంటి మధ్య 50 కోట్ల ఏళ్ళకు పైగా లెక్క తేలదు. ఆ కాలం తాలూకు రాయి మధ్యలో లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జియలాజికల్ సర్వే జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది, 2025లో తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కడానికి ఇదీ ఒక కారణం. నా అరచెయ్యి ఆనిస్తే బొటనవేలు ఒక యుగంలో, చిటికెనవేలు ఇంకో యుగంలో ఉన్నాయి.

ఈల వినబడింది. యూనిఫాం తొడుక్కున్న ఒక కుర్రాడు వచ్చాడు. "ఈడ ఆపకూడదు సార్. టైరు పంచరా?"

"లేదప్పా. ఈ రాళ్ళ మధ్య యాభై కోట్ల ఏళ్ళు పోయినాయి, చూస్తా ఉండా."

అతను రాయి వంక, నా వంక చూశాడు. "పోయినప్పుడే కంప్లైంట్ ఇచ్చింటే బాగుండు."

ఇద్దరం రాయిలోకి చూస్తూ ఉండగా వెనకాల ఒక బైకు ఆగింది. దాని వెనక తమిళనాడు నెంబరు కారు. దాని వెనక వ్యాను. కుర్రాడు ఈల నోట్లో పెట్టుకుని కూడా ఊదడం మరిచాడు. గుండు మీద చందనం ఆరని ఒకాయన నా పక్కనుంచి చెయ్యి చాపి రాతిని తాకి కళ్ళకద్దుకున్నాడు. అతని వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక పిల్లలు. ఎవరూ చెప్పకుండానే జనం వరసలో నిలబడ్డారు.

వెనకనుంచి ఒక పెద్దామె నా భుజం తట్టింది. "నాయినా, ఇది ధర్మదర్శనమా, టిక్కెట్టా?"