ఆటోపాటకు టీకా తాత్పర్యము

మూలం:
సందమామ వచ్చె గాని సామి రాకపాయె,
ఒంటి పానమాయె నాది, ఎట్ల తెల్లారునో!

మన్ననూరు నుంచి అమ్రాబాద్ పోయే ఆటోలో లభ్యం. కర్త అజ్ఞాతుడు. తాళపత్రానికి బదులు పెన్‌డ్రైవ్; రెండో చరణం దగ్గర ఇరుక్కుంటుంది కనుక తరువాయి గ్రంథపాతం.

టీక: సందమామ = చంద్రుడు; వచ్చెన్ కాని = టైముకే వచ్చెను గాని; సామి = ప్రియుడు; ఒంటి = తోడులేని; పానము = ప్రాణము. తక్కినది సుగమం.

శంక: డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఏడుగురు, కాళ్లకింద గ్యాస్ సిలిండరు. ఇక్కడ 'ఒంటి పానం' పొసగునా? పొసగును. పాట ఎత్తుకోగానే తలా ఒక దిక్కు చూశారు. పక్కనున్న పెద్దమ్మ దేనికోసమూ కాకుండానే సంచిలో చెయ్యిపెట్టి కూర్చుంది.

ఇక 'రాకపాయె'. మరొకతె మోజులో పడ్డాడని, నాయిక ఖండిత అని ముందు సీటు వ్యాఖ్యాతలు తేల్చేశారు. తొందరపాటు. 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యానికి పెట్టింది అమ్రాబాద్ పేరే. శ్రీశైలం రోడ్డు దాని నడుమ పోతుంది. జంతువులు బండ్ల కింద పడకుండా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరులో, దోమలపెంటలో గేట్లు వేస్తారు. నాయకుడు తొమ్మిదీ అయిదుకు దోమలపెంట చేరి ఉంటాడు. ఫారెస్టోళ్ల ముందు శృంగారరసం చెల్లదు. కావున ఈమె విరహోత్కంఠిత, విరహ ప్రమాణం తొమ్మిది గంటలు. మేఘదూతంలో యక్షుడికి ఏడాది పట్టింది. దానికి వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడే గాని, ఆయనకు ఈ గేటు గొడవ లేదు.

'సామి' అంటే దేవుడని కొందరు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకుని నల్లమల చెంచులకు అల్లుడయ్యాడు. శ్రీశైలం మల్లన్న కూడా వాళ్లకు చెంచు మల్లయ్యే. ఈ అర్థం కుదరదు. ఇంటల్లుళ్లకు గేటేసేదెవరు?

మూడో అర్థం పెద్దమ్మ చెప్పింది, అడక్కుండానే: "బొంబాయి పోయినోనికి గేటెందుకు సారూ?"

పాలమూరు పల్లెల్లో పాత అర్థం ఇదే. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టి, ఊరు కాని ఊళ్లో ఆనకట్టలకు మట్టి మోయడానికి పోయినవాళ్ల ఇండ్లలో నాయిక ప్రోషితభర్తృక. పొద్దున ఆరు ఆమె లెక్కలోకి రాదు. పెద్దమ్మ పాఠం కూడా దిద్దింది: 'ఎట్ల' కాదు, 'ఎన్నడు తెల్లారునో' అట. దాన్నే గ్రహించాను.

తాత్పర్యం: వెన్నెల వచ్చింది, మనిషి రాలేదు, మేస్త్రీ లెక్క ఇంకా తెగలేదు.