బొమ్మ దొరికింది, ఫ్రేము దొరకలేదు

ఒక పెద్దాయన నా మూలంగా జైలుకెళ్లాడు. 1,40,000 పౌండ్ల బొమ్మ పోయిన కేసులో జ్యూరీ ఆయన్ని విడిచిపెట్టింది; ఆ బొమ్మ చుట్టూ ఉన్న ఫ్రేము దొంగతనంలో మాత్రం దోషి అంది. ఆ ఫ్రేమును నేనే.

నాలో ఉన్నది చిత్రకారుడు గోయా గీసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినవాడని ఇంగ్లండుకు ఆయనంటే ప్రాణం. తెలుగు నేలకూ బొత్తిగా పరాయివాడు కాడు. 1799లో టిప్పు సుల్తాను మీదికి కదిలిన నిజాం సేనను నడిపించింది ఆయనే. 1961లో ఒక అమెరికా ధనవంతుడు ఈ బొమ్మను కొని పట్టుకుపోబోతే దేశమంతా గగ్గోలు పుట్టింది. ఒక ధర్మసంస్థ లక్ష, ప్రభుత్వ ఖజానా 40 వేలు పోసి బొమ్మను లండన్ నేషనల్ గ్యాలరీకి దక్కించాయి. ఆగస్టు 2న మమ్మల్ని జనం ముందుంచారు. ఆగస్టు 21 తెల్లారేసరికి మేం లేం. అంతకు సరిగ్గా యాభై ఏళ్ల ముందు అదే తేదీన పారిస్‌లో మోనాలిసా పోయింది. ఇదేదో ఆరితేరిన ముఠా పనే అనుకున్నారు పోలీసులు.

ముఠా లేదు, మంత్రాంగం లేదు. మరుగుదొడ్డి కిటికీలోంచి దూరి వచ్చి, అదే దారిన మమ్మల్ని దించుకుపోయారు. మేం చేరింది న్యూకాజిల్‌కు చెందిన కెంప్టన్ బంటన్ అనే మాజీ బస్సు డ్రైవరు చేతికి. ఇంగ్లండులో ఇంట్లో టీవీ ప్రసారాలు చూడాలంటే ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. అప్పట్లో అది 4 పౌండ్లు. పింఛను రాళ్లతో నెట్టుకొచ్చే ఒంటరి ముసలివాళ్లకు టీవీ ఒక్కటే తోడు, వాళ్ల దగ్గర ఈ రుసుమేమిటని బంటన్ పోట్లాడేవాడు. ఆ రుసుముతో నడిచే బీబీసీ తన సెట్టులో రాకుండా చేసి, చూడని దానికి కట్టనని మొండికేసి 1960లో జైలుకూ వెళ్లాడు. అలాంటి మనిషికి ఒక్క బొమ్మ కోసం రాత్రికి రాత్రి లక్షలు పుట్టాయన్న వార్త ఎలా ఉంటుంది? నాకైతే ఆయన కోపంలో న్యాయమే కనిపిస్తుంది.

రాయిటర్స్ వార్తా సంస్థకు ఉత్తరం వెళ్లింది. బొమ్మ కావాలంటే అంత సొమ్మూ పేదల టీవీ లైసెన్సులకు ఇవ్వాలి, తనకు పైసా అక్కర్లేదు. ప్రభుత్వం కదల్లేదు. పోనీ, టిక్కెట్టు పెట్టి బొమ్మను చూపించి, వచ్చింది దానధర్మాలకు ఇమ్మన్నాడు. అదీ జరగలేదు. ఇంతలో 1962లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’లో ఆ బొమ్మ విలన్ స్థావరంలో కనిపిస్తుంది. అసలు బొమ్మ మాత్రం కార్మికుల పేటలో, ఒక మామూలు ఇంట్లో దాక్కుని ఉంది.

1965 మేలో బర్మింగ్‌హామ్ రైల్వేస్టేషన్ సామాన్ల గదిలో బొమ్మ దొరికింది. దాని రసీదును ఒక పత్రికకు పంపింది బంటనే. చుట్టూ నేను లేను. జులైలో ఆయనే పోలీసుల దగ్గరికి నడిచి వచ్చి నేరం ఒప్పుకున్నాడు. నవంబరులో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. ఎప్పటికీ ఉంచుకోవాలన్న ఉద్దేశం లేకుండా తీసుకెళ్తే చట్టం ప్రకారం అది దొంగతనం కాదని ఆయన వకీలు జెరెమీ హచిన్సన్ వాదించాడు. జ్యూరీ ఒప్పుకుంది. బొమ్మ తిరిగి వచ్చింది కదా! నేనే రాలేదు. అందుకు మూడు నెలలు. తర్వాత 1968 దొంగతనాల చట్టంలో, జనం చూడటానికి పెట్టిన వస్తువును తీసుకుపోవడమే నేరమని ప్రత్యేకంగా ఒక సెక్షను చేర్చాల్సి వచ్చింది.

అనుకున్నది ఒక్కటీ నెరవేరకపోయినా బంటన్ జనం మనిషి అయిపోయాడు. 2020లో ఆయన కథ ‘ది డ్యూక్’ సినిమాగా వచ్చింది. తన కోసం ఏమీ అడగకపోవడమే ఆయన్ని అంత ఎత్తున నిలబెట్టిందని నా నమ్మకం.

కోర్టుకు తెలియని సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. ఆ కిటికీలోంచి నన్ను దించిన చేతులు దాదాపు అరవై ఏళ్ల భారీకాయుడివి కావు, ఆయన కొడుకువి. ఆ కుర్రాడు 1969లో పోలీసులకు చెప్పేశాడు, వాళ్లు కేసు పెట్టలేదు. 2012లో ఫైళ్లు బయటపడే దాకా లోకం తండ్రినే దొంగ అనుకుంది. ఆ తండ్రి కొడుకు మీదికి ఏదీ రానివ్వకుండా శిక్ష అనుభవించి, 1976లో కన్నుమూశాడు.

2000లో 75 ఏళ్లు నిండినవాళ్లకు టీవీ లైసెన్సు ఉచితం చేశారు. 2020లో దాన్ని కుదించి, వాళ్లలో పింఛను సాయం పొందే పేదలకే పరిమితం చేశారు. బంటన్ బతికుంటే మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టేవాడు.